మోత యంత్రాల మధ్య వినికిడి: అంకె చెప్పేది ఒకటి, చెవికి చేరేది మరొకటి

క్లుప్తంగా

బ్రష్‌కట్టర్, చైన్‌సా, బ్లోయర్, గడ్డి కోసే యంత్రం, క్యాబిన్ లేని ట్రాక్టర్ వంటివి నడిపేవారి చెవి దగ్గర శబ్దం తరచుగా 85 నుంచి 110 డెసిబెళ్ల మధ్య ఉంటుంది. శబ్దం ఎంత పెద్దది, ఎంతసేపు చెవిన పడింది అన్న రెండూ కలిస్తేనే నష్టం లెక్క తేలుతుంది. రక్షణ సాధనం పెట్టె మీద అచ్చువేసిన అంకె ప్రయోగశాలలో వచ్చినది. పని చోట దక్కే రక్షణ ఆ సాధనం చెవికి ఎంత బాగా కుదిరింది, దాన్ని తీయకుండా ఎంతసేపు ఉంచుకున్నారు అన్న వాటిని బట్టి మారిపోతుంది. మోత ఉన్నంతసేపూ పెట్టుకున్న మామూలు సాధనం, మధ్యమధ్యలో తీసి పక్కన పెట్టే గొప్ప సాధనం కంటే ఎక్కువ కాపాడుతుంది.

ఒకే యంత్రానికి మూడు అంకెలు

ఆకులు ఊదే బ్లోయర్ కొనాలనుకున్నవారికి ఒకే యంత్రం గురించి మూడు రకాల అంకెలు ఎదురు కావచ్చు. ప్రకటనలో 70 డెసిబెళ్లు అని ఉంటుంది. యంత్రం మీది స్టిక్కర్‌పై 102 అని ఉంటుంది. దానితో వచ్చిన పుస్తకంలో 92 అని ఉంటుంది. మూడింటిలో ఏదో ఒకటే నిజమై ఉంటుందని కొనేవారు అనుకోవడం సహజం. కానీ మూడూ నిజమే కావచ్చు. అవి కొలిచేవి వేరువేరు సంగతులు.

అమెరికాలో బ్లోయర్లకు వాడే ప్రమాణం ప్రకారం శబ్దాన్ని 50 అడుగుల దూరంలో, అంటే సుమారు 15 మీటర్ల అవతల కొలుస్తారు. ఇరుగుపొరుగుకు ఎంత ఇబ్బంది కలుగుతుందో చెప్పడానికి ఉద్దేశించిన కొలత అది. యూరప్‌లో 2000 సంవత్సరం నాటి ఆదేశం ప్రకారం బయట వాడే యంత్రాల మీద వేసే అంకె ధ్వని శక్తి స్థాయి. ఆ యంత్రం అన్ని వైపులకూ కలిపి ఎంత ధ్వనిని వెదజల్లుతుందో అది చెబుతుంది. ఆ అంకె ఏ ఒక్కరి చెవి దగ్గరి శబ్దమూ కాదు. మూడోది నడిపేవారి చెవి స్థానంలో మైకు పెట్టి కొలిచిన ధ్వని పీడన స్థాయి. వినికిడి గురించి ఆలోచించేవారికి అక్కరకు వచ్చేది ఈ మూడో అంకె ఒక్కటే. అయినా అది ప్రకటనల్లో కనిపించడం అరుదు. పుస్తకం చివరి పేజీల్లో, సాంకేతిక వివరాల పట్టికలో చిన్న అక్షరాలతో ఉంటుంది.

ప్రకటన అంకెకూ చెవి దగ్గరి అంకెకూ ఇంత తేడా రావడానికి ప్రధాన కారణం దూరం. ఆరుబయట, అడ్డు గోడలు లేని చోట, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. లెక్క వేస్తే 15 మీటర్ల దగ్గర ఉన్న స్థాయికీ ఒక మీటరు దగ్గర ఉన్న స్థాయికీ 23 డెసిబెళ్లకు పైగా తేడా వస్తుంది. వీధి చివర ఉన్నవారికి కాస్త చికాకు కలిగించే శబ్దమే, యంత్రాన్ని భుజాన వేసుకున్నవారి చెవికి ప్రమాదకరం కాగలదు. దూరం వల్ల కలిగే మేలు చుట్టుపక్కల వారికే దక్కుతుంది. యంత్రాన్ని చేత్తో పట్టుకుని నడిపేవారికి దూరం జరిగే వీలే లేదు.

మూడు డెసిబెళ్లు పెరిగితే సమయం సగం

డెసిబెల్ కొలత మామూలు కొలబద్దలా సమానంగా పెరగదు. 10 డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి పదిరెట్లు అవుతుంది, 20 పెరిగితే వందరెట్లు అవుతుంది. 3 డెసిబెళ్లు పెరిగితే శక్తి దాదాపు రెట్టింపు. కానీ మనిషికి అలా అనిపించదు. శబ్దం రెట్టింపయినట్లు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి. అందుకే 97 డెసిబెళ్ల యంత్రానికీ 100 డెసిబెళ్ల యంత్రానికీ తేడాను చెవి పెద్దగా పట్టించుకోదు. ఆ తేడా వల్ల కలిగే నష్టాన్ని మాత్రం అదే చెవి మోయాలి.

అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ అయిన నియోష్, రోజుకు 8 గంటల పనికి 85 డెసిబెళ్లను హద్దుగా సూచిస్తుంది. అక్కడి నుంచి 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ సమయాన్ని సగానికి తగ్గించాలి. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర ఒక గంట, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. పెట్రోలు చైన్‌సాలు చాలా వరకు 100 నుంచి 110 మధ్య ఉంటాయి. 106 డెసిబెళ్ల దగ్గర రక్షణ లేని చెవికి రోజంతటికీ దక్కే సమయం 4 నిమిషాల లోపే. ఒక మోస్తరు దుంగను ముక్కలు చేసేసరికి ఆ కోటా అయిపోతుంది.

ఒక రోజులో చేసిన పనులన్నీ ఈ లెక్కలో కలిసిపోతాయి. ఉదయం 91 డెసిబెళ్ల గడ్డి యంత్రంతో ఒక గంట పని చేస్తే రోజు కోటాలో సగం ఖర్చవుతుంది. ఆ తరువాత 97 డెసిబెళ్ల బ్రష్‌కట్టర్‌తో పావుగంట పని చేస్తే మిగిలిన సగమూ పూర్తవుతుంది. అక్కడితో ఆగకుండా చైన్‌సాను 2 నిమిషాలు నడిపినా కోటాలో మరో సగం అదనంగా చేరుతుంది. ఏ యంత్రాన్నీ ఎక్కువసేపు వాడలేదు కదా అన్న ధైర్యం ఈ కూడిక ముందు నిలవదు. సాయంత్రం హెడ్‌ఫోన్లలో బిగ్గరగా విన్న పాటలు కూడా ఇదే ఖాతాలో పడతాయి.

చెవి లోపల ఏమి జరుగుతుంది

శబ్దం కర్ణభేరిని, దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకలను కదిలించి, నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవిలోకి చేరుతుంది. అక్కడి ద్రవంలో పుట్టిన అల, తల మీద సన్నని రోమాల కుచ్చు ఉన్న కణాలను వంచుతుంది. ఒక్కో చెవిలో ఇటువంటి రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. వాటిలో దాదాపు 3,500 మాత్రమే మెదడుకు సమాచారం పంపే పనిలో ముఖ్యమైనవి. మిగిలినవి బయటి వరుసల్లో ఉండి, మెల్లని శబ్దాలను పెద్దవి చేసి చూపుతాయి. మోతకు ముందుగా బలయ్యేవి ఈ బయటి వరుసలే.

చాలా వరకు నష్టం కణాల్లో రసాయనికంగా జరుగుతుంది. గంటల తరబడి విరామం లేకుండా పని చేసిన కణంలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పేరుకుంటాయి, రక్త ప్రసరణ తగ్గుతుంది. మోత ఆగిన తరువాత కూడా కొన్ని రోజులపాటు కణాలు చనిపోతూ ఉండవచ్చు. తుపాకీ పేలుడు వంటి అతి తీవ్రమైన శబ్దమైతే ఆ కుచ్చులను, పొరలను నేరుగా చీల్చేయగలదు. పక్షుల్లో రోమకణాలు తిరిగి పుడతాయి. మనిషిలో పుట్టవు. ఈ విషయంలో వైద్యం ఇప్పటికీ చేయగలిగింది చాలా తక్కువ. వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేస్తుంది గానీ, పోయిన స్పష్టతను పూర్తిగా తిరిగి ఇవ్వలేదు.

చెవికి స్వంత రక్షణ లేకపోలేదు. పెద్ద శబ్దం వినగానే మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని కొంత ధ్వనిని అడ్డుకుంటుంది. అయితే అది ముఖ్యంగా తక్కువ పౌనఃపున్యాల, అంటే బరువైన దిగువ ధ్వనుల మీదే పని చేస్తుంది, మొదలవడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఎక్కువసేపు సాగితే అలసిపోతుంది. గంటల తరబడి నడిచే ఇంజన్ ముందు దానిని నమ్ముకోలేము.

నష్టం మొదలయ్యే చోటు కూడా ఊహించదగినదే. చెవి గొట్టం తన నిర్మాణం వల్ల 3,000 హెర్ట్జ్ పరిసరాల్లోని ధ్వనిని పెంచి లోపలికి పంపుతుంది. దెబ్బ దానికి కాస్త పైన తగులుతుంది. అందుకే మోత వల్ల చెడిన చెవి పరీక్ష పటంలో 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట కనిపిస్తుంది. మాటల్లోని స, శ, చ వంటి ధ్వనుల స్పష్టత చాలా వరకు ఈ ఎగువ భాగం మీదే ఆధారపడుతుంది. ‘కాలు’, ‘పాలు’, ‘తాలు’ అన్న మాటలను వేరు చేసే మొదటి హల్లు కూడా క్షణకాలపు ఎగువ ధ్వనే. అచ్చులు దిగువన ఉంటాయి కాబట్టి గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మాట మాత్రం తెలియదు. మొదట్లో బాధితులు తమకు వినిపించడం లేదని అనుకోరు, ఎదుటివారు సరిగా పలకడం లేదని అనుకుంటారు. నష్టం గుర్తింపుకు రావడానికి ఏళ్లు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

2009లో అమెరికా పరిశోధకులు కుజావా, లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ అవగాహనను మరింత లోతుకు తీసుకువెళ్లింది. మోత తరువాత వాటి వినికిడి పరీక్షల్లో మామూలు స్థాయికి తిరిగి వచ్చింది, రోమకణాలూ నిలిచే ఉన్నాయి. కానీ ఆ కణాలకూ నాడీ తంతువులకూ మధ్య ఉన్న సంధులు కొన్ని ప్రాంతాల్లో సగం వరకు శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో దీనికి దొరికిన ఆధారాలు ఇంకా పరోక్షమైనవే. అయినా, పని ముగిశాక చెవులు మొద్దుబారి మరునాటికి సర్దుకుంటే ఏమీ కాలేదని తేల్చేసే అలవాటును ఈ ఫలితం ప్రశ్నార్థకం చేసింది.

ఈ సంబంధం కొత్తగా తెలిసినది కాదు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే వైద్యుడు బాయిలర్లు తయారు చేసే 100 మంది కార్మికులను పరీక్షిస్తే, ఒక్కరికి కూడా వినికిడి మామూలుగా లేదు. అప్పట్లో కర్మాగారానికే పరిమితమైన అంతటి మోత, చిన్న ఇంజన్ల పుణ్యమా అని తోటలోకి, పొలంలోకి, పెరట్లోకి వచ్చింది.

మోత పుట్టే చోట్లు

రెండు స్ట్రోకుల ఇంజన్ ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే సెకనుకు 150 పేలుళ్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో అదే వేగానికి పేలుళ్లు సగమే. చేత్తో పట్టుకునే యంత్రం తేలికగా ఉండాలి కాబట్టి పెద్ద సైలెన్సర్ అమర్చే చోటు ఉండదు. గాలిని లోపలికి పీల్చే దారి, చల్లబరిచే ఫ్యాను, పలుచని ప్లాస్టిక్ తొడుగు అదురు కూడా మోతను పెంచుతాయి.

బ్యాటరీ యంత్రాలు వచ్చాక ఈ సమస్య తీరిపోయిందన్న అభిప్రాయం వినిపిస్తోంది. కాలిఫోర్నియా 2024 నుంచి కొత్త పెట్రోలు తోట యంత్రాల అమ్మకానికి ముగింపు పలికే నిబంధనలు తెచ్చింది. వాషింగ్టన్ నగరం 2022 నుంచి పెట్రోలు బ్లోయర్లను నిషేధించింది. వీటి వల్ల వాతావరణానికీ పొరుగువారికీ మేలు జరుగుతుంది, నడిపేవారి చెవికీ కొంత ఊరట దొరుకుతుంది. కానీ ఇంజన్‌ను తీసేసినా మిగిలే మోత ఉంటుంది. బ్లోయర్‌లో గాలి, బ్రష్‌కట్టర్‌లో గిరగిర తిరిగే తీగ, చైన్‌సాలో కర్రను కొరికే గొలుసు, గడ్డి యంత్రంలో బ్లేడు తమ మోత తాము చేస్తూనే ఉంటాయి. చాలా బ్యాటరీ చైన్‌సాలు నడిపేవారి చెవి దగ్గర 85 నుంచి 95 డెసిబెళ్ల మధ్యే ఉంటాయి. పెట్రోలు రంపంతో పోలిస్తే పది, పదిహేను డెసిబెళ్ల తగ్గుదల నిజంగా పెద్దదే. చెవి రక్షణ లేకుండా రోజంతా వాడగలిగినంత పెద్దది మాత్రం కాదు. ఇంజన్ హోరు లేకపోవడం వల్ల అసలు రక్షణే అక్కరలేదనిపించడం ఈ యంత్రాలతో వచ్చే చిక్కు.

పాత యంత్రాల విషయంలో నిర్వహణకు విలువ ఎక్కువ. తుప్పు పట్టి చిల్లు పడిన సైలెన్సర్, వదులైన బోల్టులు, మొద్దుబారిన గొలుసు, వంగిన బ్లేడు శబ్దాన్ని పెంచుతాయి. పదును తగ్గిన గొలుసు పనిని సాగదీస్తుంది కూడా, దానితో శబ్దానికి సమయం తోడవుతుంది. బ్లోయర్‌ను అన్ని వేళలా పూర్తి వేగంతో నడపవలసిన అవసరం ఉండదు. ఎండిన ఆకులకు సగం వేగం చాలు. రెండు యంత్రాలను పక్కపక్కనే నడిపితే ఇద్దరి చెవులకూ మోత పెరుగుతుంది, ఇద్దరూ దూరదూరంగా పని చేస్తే ఖర్చు లేకుండానే తగ్గుతుంది.

పెట్టె మీది అంకెను చదవడం

రక్షణ సాధనాల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. చెవి గొట్టంలో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు, చెవిని మొత్తంగా కప్పే ఇయర్‌మఫ్‌లు. ఇవి శబ్దాన్ని ఎంత తగ్గిస్తాయో చెప్పడానికి అమెరికాలో వీటి మీద ఎన్‌ఆర్‌ఆర్ అనే అంకె, యూరప్‌లో ఎస్‌ఎన్‌ఆర్ అనే అంకె ఉంటాయి. రెండూ డెసిబెళ్లలోనే ఉన్నా లెక్కించే పద్ధతులు వేరు. ఒకే సాధనానికి ఎస్‌ఎన్‌ఆర్ అంకె సాధారణంగా పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి రెండు చోట్ల పెట్టెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ అంకెలు ప్రయోగశాలలో, నిశ్చలంగా కూర్చున్న మనుషుల మీద, సాధనాన్ని సరిగ్గా అమర్చి కొలిచినవి. చెమట పట్టిన ముఖంతో, టోపీ అంచు అడ్డు వస్తుండగా, హడావిడిగా పెట్టుకున్న సాధనం ఆ స్థాయిని అందుకోదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా అందుకే ఒక తగ్గింపు లెక్కను ప్రచారంలో పెట్టింది. చెవి వినే తీరుకు సరిపడేలా కొలిచిన శబ్దానికి వర్తింపజేసేటప్పుడు ఎన్‌ఆర్‌ఆర్ అంకెలో నుంచి ముందు 7 తీసేయాలి, మిగిలినదాన్ని సగం చేయాలి. పెట్టె మీద 29 ఉంటే 22 అవుతుంది, చివరికి 11 మిగులుతుంది. ఇది అందరికీ వర్తించే సత్యం కాదు, జాగ్రత్త కోసం వేసిన సగటు అంచనా. ఒక్కొక్కరి చెవిలో విడిగా కొలిచే పరీక్షలు చేసినప్పుడు, ఒకే ఇయర్‌ప్లగ్ ఒకరికి 30కి పైగా రక్షణ ఇస్తే మరొకరికి దాదాపు ఏమీ ఇవ్వకపోవడం కనిపిస్తుంది. తేడా చాలా వరకు పెట్టుకునే పద్ధతిలోనే ఉంటుంది.

మెత్తని నురగ ప్లగ్‌ను సన్నగా, ముడతలు పడకుండా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి జొప్పించాలి. అది ఉబ్బి గొట్టాన్ని నింపేవరకు దాదాపు అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. ఎదురుగా నిలబడి చూసేవారికి ప్లగ్ చివర పెద్దగా కనిపిస్తే అది సరిగా దిగలేదు. మోత మధ్యలో రెండు అరచేతులను చెవుల మీద గట్టిగా మూసి తీసినప్పుడు శబ్దం బాగా తగ్గినట్లు తెలిస్తే, ప్లగ్ చేయవలసిన పనిని చేతులు చేస్తున్నాయని అర్థం. సరిగా దిగినప్పుడు సొంత గొంతు తలలో గుమ్మన్నట్లు వినిపిస్తుంది.

ఇంధనం, నూనె, మట్టి అంటిన చేతులతో రోజుకు పదిసార్లు ఇలా చేయడం ఎవరికీ కుదరదు. బయటి పనికి ఇయర్‌మఫ్‌లు తరచుగా అనువుగా ఉండడానికి ఇదే కారణం. వాటికీ బలహీనతలున్నాయి. కళ్లద్దాల కాడలు, పొడవాటి జుట్టు, గడ్డం, టోపీ మెత్తలకూ చర్మానికీ మధ్య సందు చేస్తాయి. మందపాటి కాడలున్న కళ్లద్దాల వల్ల కొన్ని డెసిబెళ్ల రక్షణ పోతుంది, సన్నని కాడలతో నష్టం తక్కువ. ఎండకూ చెమటకూ మెత్తలు గట్టిపడి పగుళ్లు బారతాయి, తలపట్టీ సాగిపోతుంది. చూడటానికి బాగానే ఉన్నా రక్షణ ఏనాడో తగ్గిపోయి ఉంటుంది. తరచుగా వాడేవారు మెత్తలను ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా మార్చడం మంచిది. జనరేటర్, ట్రాక్టర్ వంటి వాటి బరువైన దిగువ మోతను మఫ్‌లు అంత బాగా ఆపలేవు. యూరప్ పెట్టెల మీద ఎస్‌ఎన్‌ఆర్‌తో పాటు హెచ్, ఎం, ఎల్ అని ఎగువ, మధ్య, దిగువ శబ్దాలకు విడిగా ఇచ్చే మూడు అంకెలు ఈ తేడాను చూపడానికే.

చైన్‌సా వంటి వాటికి రెండూ కలిపి వాడటం మంచిదే. అయితే రెండు అంకెలూ కూడవు. రెండింటిలో ఎక్కువ రక్షణ ఇచ్చేదానికి అదనంగా 5 నుంచి 10 డెసిబెళ్లు వస్తాయి. ఆ పైన శబ్దం చెవి గొట్టాన్ని వదిలేసి పుర్రె ఎముకల గుండా లోపలికి చేరుతుంది కాబట్టి ఏ సాధనమూ దానిని ఆపలేదు. చెవిలో దూది కుక్కుకోవడం మాత్రం రక్షణ కిందికే రాదు.

తీసిన ఆరు నిమిషాలు

మోత మధ్యలో సాధనాన్ని కాసేపు తీసేయడం రక్షణ గురించి అతి తక్కువగా చర్చకు వచ్చే విషయం, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. 106 డెసిబెళ్ల చైన్‌సాతో ఒక గంట పని ఉందనుకుందాం. ఒకరి దగ్గర నిజంగా 30 డెసిబెళ్లు తగ్గించే సాధనం ఉంది. అది పెట్టుకున్నంతసేపూ చెవికి చేరేది 76 మాత్రమే, దాదాపు నిరపాయం. కానీ పక్కవారి మాట వినడానికి, చెమట తుడుచుకోవడానికి, ఫోను చూడటానికి రంపం నడుస్తుండగానే మొత్తం మీద 6 నిమిషాలు తీశారు. ఆ 6 నిమిషాల్లోనే రోజు కోటాకు ఒకటిన్నర రెట్లకు పైగా, సుమారు 160 శాతం మోత చెవిన పడింది. మిగిలిన 54 నిమిషాల జాగ్రత్త దానిని వెనక్కి తీసుకోలేదు.

మరొకరి దగ్గర 20 డెసిబెళ్లే తగ్గించే మామూలు సాధనం ఉంది. గంటసేపూ తీయలేదు. చెవికి చేరింది 86 డెసిబెళ్లు. కోటాలో ఖర్చయింది 16 శాతం. పెట్టె మీది అంకెలో వెనకబడిన సాధనం, చెవికి చేరిన మోతలో పది రెట్లు మెరుగైన ఫలితం ఇచ్చింది.

డెసిబెళ్ల స్వభావమే దీనికి కారణం. ఎంత ఎత్తుగా కట్టిన గట్టుకైనా ఒక్కచోట గండి పడితే నీరంతా అటే పోయినట్లు, రక్షణ లేని కొద్ది నిమిషాలే మొత్తం లెక్కను ఆక్రమిస్తాయి. మోత ఉన్న సమయంలో సగంసేపు మాత్రమే పెట్టుకుంటే ఎంత గొప్ప సాధనమైనా సగటున దక్కేది 3 డెసిబెళ్లే. పదోవంతు సమయం తీసేస్తే దక్కేది 10కి మించదు. నూటికి 99 వంతులు పెట్టుకుంటే కూడా 20 దగ్గరే ఆగిపోతుంది.

ఈ లెక్క నుంచి కొనుగోలుకు ఒక సూచన దొరుకుతుంది. సాధనాన్ని ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే పెద్ద అంకె కోసం వెతకడం కంటే, తీయాలన్న కోరిక పుట్టించనిది ఏదో చూడటం తెలివైన పని. బరువు, బిగుతు, వేడి, కళ్లద్దాలతో కుదురుబాటు ఇక్కడ సౌకర్యం తాలూకు విషయాలుగా కనిపిస్తాయి గానీ అసలు రక్షణను నిర్ణయించేవి అవే. మాట్లాడాలంటే ముందు ఇంజన్ ఆపడం, ఇంజన్ స్టార్టు చేయడానికి ముందే సాధనం పెట్టుకోవడం అలవాటైతే ఆ ఆరు నిమిషాల సమస్యే ఉండదు. మఫ్ జతను యంత్రం పిడికే తగిలించి ఉంచేవారికి ఇది మరింత తేలిక.

మరీ ఎక్కువ మూసినా ఇబ్బందే

యూరప్ మార్గదర్శకాలు సాధనం లోపల చెవికి చేరే శబ్దం 75 నుంచి 80 డెసిబెళ్ల మధ్య ఉండటాన్ని మేలైనదిగా చూస్తాయి, 70కి తగ్గితే అతిరక్షణగా పరిగణిస్తాయి. చెట్టు విరుగుతున్న చప్పుడు, వెనక నుంచి వచ్చే వాహనం, తోటివారి కేక, ఇంజన్ శ్రుతిలో మార్పు వినిపించకపోతే కొత్త ప్రమాదం పుడుతుంది. చుట్టూ ఏమీ వినిపించక మరీ ఒంటరిగా ఉన్నట్లు అనిపించేలా చేసే సాధనాన్ని జనం తరచుగా తీసేస్తారు కూడా. 90 డెసిబెళ్ల గడ్డి యంత్రానికి చైన్‌సా స్థాయి రక్షణ అక్కరలేదు.

బయటి మెల్లని శబ్దాలను లోపలి స్పీకర్ల ద్వారా వినిపిస్తూ, పెద్ద శబ్దాన్ని మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఈ చిక్కుకు మంచి పరిష్కారం. వీటినీ, ప్రయాణాల్లో వాడే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లనూ ఒకటిగా అనుకోకూడదు. విమానం గుయ్యిమనే దిగువ శబ్దాన్ని రద్దు చేయడంలో హెడ్‌ఫోన్లు గట్టివే. రంపం, బ్లోయర్ల ఎగువ మోత దగ్గర వాటి ప్రభావం తగ్గిపోతుంది. రక్షణ సాధనంగా పరీక్షించి ధ్రువీకరించనంతవరకు వాటి మీద ఆధారపడటం సరికాదు. మామూలు ఇయర్‌ఫోన్లతో పాటలు వింటూ యంత్రం నడపడం ఇంకా చెడ్డది. మోతను మించి వినిపించాలంటే పాట స్థాయిని మోత కంటే పైకి పెంచాలి, రెండూ కలిసి చెవిలో పడతాయి.

మోతకు తోడయ్యేవి

మోత ఒక్కటే వచ్చినప్పటి కంటే, మరికొన్నిటితో కలిసినప్పుడు ఎక్కువ నష్టం చేస్తుంది. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, టోలుయీన్ వంటి ద్రావకాలు మోతతో కలిస్తే లోపలి చెవికి హాని పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. కొన్ని యాంటీబయాటిక్‌లు, కొన్ని క్యాన్సర్ మందులు కూడా చెవికి హాని చేసేవే. అటువంటి మందులు వాడుతున్నవారు మోత పనికి వెళ్లేముందు వైద్యుడిని అడగడం అవసరం. ఫిన్లాండ్ అడవి కార్మికుల్లో, రంపం అదురు వల్ల వేళ్లు తెల్లబడే జబ్బు ఉన్నవారికి అంతే మోతలో పని చేసిన ఇతరుల కంటే వినికిడి ఎక్కువగా తగ్గినట్లు తేలింది. రక్తనాళాలు ముడుచుకోవడం రెండింటికీ ఉమ్మడి కారణం కావచ్చని భావిస్తున్నారు. ట్రాక్టర్ నడిపేవారిలో ఒక చెవి మరోదాని కంటే ఎక్కువ చెడటం కనిపిస్తుంది. వెనక కట్టిన పరికరాన్ని చూడటానికి ఎప్పుడూ ఒకే భుజం మీదుగా తిరిగేవారికి రెండో చెవి ఇంజన్ వైపు ఉండిపోతుంది.

హద్దులు ఎందుకు ఒకటిగా లేవు

అమెరికాలోనే రెండు లెక్కలున్నాయి. చట్టబద్ధమైన ఓషా హద్దు 8 గంటలకు 90 డెసిబెళ్లు. అక్కడ 5 పెరిగితే సమయం సగం అవుతుంది, 100 దగ్గర 2 గంటలు అనుమతిస్తుంది. నియోష్ లెక్కలో అదే 100 దగ్గర పావుగంటే. ఎనిమిది రెట్ల తేడా. పనిలో మధ్యమధ్య విరామాలు ఉంటాయని, అప్పుడు చెవి కోలుకుంటుందని అనుకుని కట్టిన లెక్క మొదటిది. 1998లో నియోష్ తన సిఫార్సును శక్తి లెక్కకు దగ్గరగా ఉండే 3 డెసిబెళ్ల నియమానికి మార్చింది. యూరోపియన్ యూనియన్ 2003 ఆదేశం 80 దగ్గర సాధనాలు అందుబాటులో ఉంచాలని, 85 దగ్గర వాడి తీరాలని, సాధనం పెట్టుకున్నాక కూడా 87 దాటకూడదని చెబుతుంది. శాస్త్రీయంగా 3 డెసిబెళ్ల లెక్కే బలమైనది. సొంతంగా నిర్ణయించుకునేవారు దానినే అనుసరించాలి.

85 అన్నది కూడా పూర్తి భద్రత కాదు. ఆ స్థాయిలో 40 ఏళ్లు పని చేస్తే సుమారు 8 శాతం మందికి మోత వల్ల గణనీయమైన వినికిడి లోపం వస్తుందని, 90 దగ్గర అది 25 శాతమని నియోష్ అంచనా. పైగా ఈ చట్టాలన్నీ యజమాని కింద పని చేసేవారికే వర్తిస్తాయి. సొంత తోటలో, సొంత పొలంలో, సొంత యంత్రంతో పని చేసేవారి మోతను కొలిచేవారు లేరు, చెవి పరీక్ష చేయించేవారు లేరు. బయటి యంత్రాలు వాడేవారిలో చాలామంది ఇటువంటివారే. ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది. కారణాలు అనేకం ఉన్నా, వాటిలో ముందే ఆపగలిగినవాటిలో మోత ఒకటి.

గుర్తులు, పరీక్ష

చేయి చాచినంత దూరంలో ఉన్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడలేకపోతే అక్కడి మోత 85 దాటి ఉంటుందని అంచనా వేయవచ్చు. ఫోనులోని శబ్ద మాపక యాప్‌లు స్థూలమైన అవగాహనకు పనికొస్తాయి. వాటిని 15 మీటర్ల అవతల పెట్టకుండా, నడిపేవారి చెవి ఎత్తులో పెట్టి చూడాలి. పని ముగిశాక చెవులు దిబ్బెడ వేసినట్లుండటం, గుయ్యిమనే హోరు వినిపించడం, టీవీ శబ్దం మామూలు కంటే పెంచవలసి రావడం ఆ రోజు మోతాదు మించిందని చెప్పే గుర్తులు. హోరు కొందరిలో శాశ్వతంగా నిలిచిపోయి, నిద్రను, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే అది అత్యవసర పరిస్థితి. రోజులు గడిచేకొద్దీ చికిత్సతో కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

మోత పని మొదలుపెట్టే ముందే ఒక వినికిడి పరీక్ష చేయించుకుని ఆ పటాన్ని దాచుకుంటే తరువాతి పరీక్షలను దేనితో పోల్చాలో తెలుస్తుంది. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి, లేకపోతే తాత్కాలిక మొద్దుబారడం శాశ్వత లోపంగా నమోదవుతుంది. ఆ తరువాత ఏడాదికోసారి చేసే పరీక్షల్లో 2,000, 3,000, 4,000 హెర్ట్జ్‌ల దగ్గర సగటున 10 డెసిబెళ్ల తగ్గుదల కనిపిస్తే ఓషా నియమాల ప్రకారం అది చర్య తీసుకోవలసిన మార్పు. మాటలు వినడంలో తేడా ఇంకా తెలియని దశలోనే ఆ మార్పు పటంలో కనిపించవచ్చు. అప్పుడు సాధనాన్ని మార్చడానికి, అమరికను సరిచేయడానికి, మోత ఎక్కువగా ఉన్న యంత్రాన్ని పక్కన పెట్టడానికి ఇంకా సమయం ఉంటుంది.